చప్పుడున్న కారే కావాలి

లింబాయత్, సూరత్
శ్రావణ మాసం, మొదటి వారం

బావకు,

అంబదాస్ దండం పెట్టి మొదలుపెడుతున్న కాగితం ఇది. చేతిలో ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంటని ఆశ్చర్యపోకు. పోయిన నెల మనం ఫోన్లో మాట్లాడుకున్న తీరు గుర్తుంది కదా. నేను మామూలుగా మాట్లాడితే "ఎందుకు మొత్తుకుంటున్నవ్?" అన్నావు. నువ్వు మామూలుగా మాట్లాడితే నాకు ఒక్క ముక్క వినిపించలేదు. పాతికేళ్లు మరమగ్గాల మధ్య బతికినవాడి చెవులు మరెట్లా ఉంటాయి! చివరికి మా అక్క నీ చేతిలోంచి ఫోన్ గుంజుకుని, "ఇగ మీరిద్దరు ఏదున్నా కాయితం మీద కొట్లాడుకోండ్రి, మా ఇంట్ల గోడలు పలుగుతున్నయ్" అని పెట్టేసింది. అక్క మాట నేనెప్పుడు కాదన్నాను!

అసలు సంగతికి వస్తున్నాను. కారు కొంటున్నాను. నవ్వకు. నాలుగు మగ్గాల్లో ఒకటి అమ్మేశాను, పాత కారు ఒకటి చూసుకుంటాను. టెంపో నడిపిన చేతులే కాబట్టి డ్రైవింగ్ గురించి నీకు బెంగ అక్కర్లేదు.

ఎందుకంటావా? మొన్న ఆదివారం కోసాడ్‌లో భాగీరథి వాళ్ల చెల్లెలింటికి పోయి షేర్ ఆటోలో వస్తున్నాం. వెనక సీటులో నలుగురు. మీ చెల్లె భాగీరథి అంచు మీద సగం సీటులో కూర్చుంది. మూలమలుపులో ఒక కాలి చెప్పు రోడ్డు మీద పడిపోయింది. ఆటోవాడు ఆపలేదు. నేను నవ్వాను, ఆమె నవ్వలేదు. ఇంటికొచ్చాక మెల్లగా అన్నది: "పెండ్లయి ఈ ఊరికి వచ్చిన కాన్నుంచి సగం సీటు మీదనే కూసుంటున్న. ఒక్కసారి కిటికి పక్కన నిండుగ కూసొని డుమస్ సముద్రం దాకా పోవాలె. గంతే."

ఆ 'గంతే' నాకు గుచ్చుకుంది బావా. ఇన్నేళ్లలో ఆమె నన్ను అడిగిందే లేదు. అందుకే మాటిచ్చాను. దీపావళికి ఇక్కడ మగ్గాలన్నీ ఆగుతాయి, ఐదో రోజు లాభ్ పాంచమ్, అది దాటాకే మళ్లీ మొదలవుతాయి. ఆ మధ్యలోనే మాకు తీరిక. ఆలోపల సముద్రం చూపిస్తానన్నాను. మాట తప్పితే ఆమె కొట్లాడదు, ఇంకెప్పుడూ ఏదీ అడగదు. అదే నా భయం.

కోరుట్లలో నీ షెడ్డుకు వచ్చే బండ్ల కింద సగం జీవితం గడిపావు. పాత కారు ఎట్లా చూసి కొనాలో విడమరిచి రాయి. తిట్లు తగ్గించి సలహాలు పెంచు.

నీ బామ్మర్ది
అంబదాస్

అన్నా, నేను భాగీరథిని. ఉత్తరం డబ్బాల వేసేది నేనే గనక కింద నాలుగు ముక్కలు రాస్తున్న. మీ బామ్మర్ది కారు రంగు గురించి పొద్దంత మాట్లాడుతుండు, ఇంజన్ గురించి ఒక్క మాట లేదు. జర గట్టిగ రాయి. సంధ్యారాణి వదినను అడిగిన్నని చెప్పు.

*

కోరుట్ల
శ్రావణం, వరలక్ష్మీ వ్రతం మరునాడు

బామ్మర్దీ,

నీ ఉత్తరం చదివి మీ అక్క ఏడ్చింది, నేను నవ్వాను. మగ్గం అమ్మి కారు కొంటానన్న మొదటి మనిషివి నువ్వే అయ్యుంటావు. చెల్లె కోసం కాబట్టి సరేనన్నాను, లేకపోతే రైలెక్కి వచ్చి నీ చెవులు మెలేసేవాణ్ణి. అవి ఎట్లాగూ పనిచేయడం లేదు.

ఇక శ్రద్ధగా చదువు. కారు చూడటానికి పొద్దున్నే పో. ముందుగా ఇంజన్ మూత మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే నువ్వు రాకముందే అమ్మేవాడు స్టార్ట్ చేసి ఉంచాడన్నమాట, అంటే చల్లటి ఇంజన్ మొరాయిస్తుందని అర్థం. అట్లాంటి చోట చాయ్ ఇచ్చినా తాగకు, వచ్చెయ్యి. స్టార్ట్ చేశాక వెనక పొగ చూడు. నీలంగా వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోందని తెలుసుకో.

మీటర్ ఎంత తిరిగిందో చూసి మురిసిపోకు, దాన్ని వెనక్కి తిప్పేవాళ్లు ఊరికొకరు ఉన్నారు. కాలి కింద పెడల్ రబ్బరు చూడు. కారు కొత్తదంటాడు, రబ్బరు అరిగి నున్నగా ఉంటుంది. టైర్లు ఒక పక్కనే అరిగాయంటే కింద ఏదో వంకర ఉంది. మీ దగ్గర వానలకు ఖాడీ వాగు పొంగి గల్లీల్లోకి నీళ్లొస్తాయి కదా, కాళ్ల కింద కార్పెట్ ఎత్తి వాసన చూడు. బురద వాసనొస్తే ఆ కారు మునిగి తేలిందే. వైర్లు ఒక్కోటీ ఒక్కో నెల చస్తాయి.

అన్నిటికంటే ముఖ్యం, చప్పుడు విను. కిటికీలు మూసి, రేడియో ఆపి, నోరు కూడా మూసుకుని విను. ఇంజన్ తన బాధ తానే చెప్పుకుంటుంది. సర్వీసు కాగితాలు అడుగు. బ్రోకర్ తెచ్చిన మెకానిక్‌ను కాదు, నీకు తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకుపో. నచ్చినా ఆ రోజే కొనకు, రంగు నచ్చిందని అసలే కొనకు.

నరహరి

*

లింబాయత్, సూరత్
వినాయక చవితి వెళ్లాక

బావా,

కారు కొన్నాను! ఎర్ర కారు! రంగు చూసి కొనలేదు, ఎర్రగా ఉండటం దాని అదృష్టం.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. రఘుపతి అని మన జగిత్యాల పక్క మనిషే, పర్వత్ పాటియాలో పాత కార్ల దలాలీ చేస్తాడు. మొదట ఒక తెల్ల కారు చూపించాడు. బ్యాంకులో రిటైరైన ఒక గుజరాతీ పెద్దాయనది, అందరూ కాకా అంటారు. మూత చల్లగా ఉంది, పొగ లేదు, కార్పెట్ కింద బురద లేదు, సర్వీసు కాగితాలు అట్టపెట్టెలో వరుసగా పెట్టి ఇచ్చాడు. కూర్చుని తాళం తిప్పాను. ఏమీ లేదు. మళ్లీ తిప్పాను. గర్ర్‌ర్ అని ఏదో అరిచింది. కాకా పరుగెత్తుకొచ్చి, "అరే భాయ్, గాడీ చాలూ ఛే! నడుస్తూనే ఉంది!" అని నా చెయ్యి పట్టుకున్నాడు.

నడుస్తూ ఉంటే చప్పుడేది బావా? కిటికీలు మూశాను, నోరు మూశాను, అంతా నువ్వు రాసినట్టే. చిన్న మూలుగు కూడా లేదు. మిషిన్ అన్నాక చప్పుడుండాలి. మా కార్ఖానాలో మగ్గాలు నడుస్తుంటే నేను కునుకు తీస్తాను, ఒక్క మగ్గం ఆగిందంటే చటుక్కున మెలకువ వస్తుంది. చప్పుడు లేదంటే పని లేదన్నట్టు, అన్నం లేదన్నట్టు. బతికి ఉందో చచ్చిందో తెలియని బండిని తెచ్చుకుని ఏం చేయను? కాకాకు దండం పెట్టి వచ్చేశాను.

తర్వాత రఘుపతి ఈ ఎర్ర కారును మా గల్లీకే తెప్పించాడు. స్టార్ట్ చేయగానే రెండు పక్కల మగ్గాలు నడుస్తున్నా సరే, నాకు వినిపించింది! "సప్పుడు జూడు అంబదాస్ సేట్, పులి లెక్క!" అన్నాడు రఘుపతి. నిజం చెప్తున్నాను, నా ఒళ్లు జలదరించింది. మూత కొంచెం వెచ్చగా ఉంది, కానీ పర్వత్ పాటియా నుంచి నడిపించుకుని వచ్చారు కదా. మెకానిక్‌ను పిలుద్దామనుకున్నాను, ఇంత మంచి చప్పుడుకు మెకానిక్ ఎందుకని మానేశాను.

రోజూ పొద్దున మగ్గాలకు నూనె వేసినట్టే దీనికీ వేస్తున్నాను. మిషిన్‌ను ఎట్లా చూసుకోవాలో మాకు ఒకరు నేర్పాలా!

అంబదాస్

అన్నా, తెల్ల కారు సీటు మెత్తగ ఉండె. నేను వెనక నిలబడి చూసిన. సీటు చెయ్యితోని ఒత్తిన. ఎర్రదాంట్ల కూసున్న, పండ్లు టకటక కొట్టుకున్నయ్.
- భాగీరథి

*

కోరుట్ల
పితృపక్షాలు

ఒరేయ్ అంబదాసూ,

ఉత్తరం చదివి నెత్తి పట్టుకుని షెడ్డులో కూర్చున్నాను. నా దగ్గరకు బండి తెచ్చినవాళ్లు నాకు జ్వరమొచ్చిందనుకుని వెనక్కి పోయారు.

చప్పుడు వినమన్నది ఎక్కువ చప్పుడున్నది కొనమని కాదురా మహానుభావా! కారులో చప్పుడు రాకపోవడమే ఆరోగ్యం. ఆ తెల్ల కారు లాంటిది దొరికితే నేను నా షెడ్డు తాకట్టు పెట్టి కొంటాను. బంగారం కాళ్ల దగ్గరకొస్తే 'మోగడం లేదు' అని తన్నేసి, డబ్బాలో రాళ్లు మోగుతుంటే ఇంటికి తెచ్చుకున్నావు. నీ తెలివి తెల్లారినట్టే ఉంది!

వెచ్చగా ఉన్న మూత చూసి కూడా కొన్నావు. ఆ రఘుపతి నాకు దొరికితే వాణ్ణి అదే ఇంజన్ మీద కూర్చోబెట్టి జగిత్యాల దాకా తీసుకుపోతాను.

ఇక ఆ నూనె సంగతి. ఏం నూనె? ఎక్కడ వేస్తున్నావు? మగ్గం నూనె కారుకు పనికిరాదు. ఇంజన్‌కు దాని ఆయిల్ వేరే ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ కొలిచే కడ్డీ తీసి, తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూడాలి. రెండు గీతల మధ్య ఉండాలి, పైగీతను దాటకూడదు. రేడియేటర్ మూత వేడి మీద తియ్యకు, మొహం కాలుతుంది. టైర్లలో గాలి ఎంతో డ్రైవర్ తలుపు అంచు మీద రాసి ఉంటుంది, అంతే పెట్టించు. అంతకుమించి ఆ బండి మీద చెయ్యి వెయ్యకు.

నీ చెవులతో నాకు పని లేదు. చెల్లెను వినమను. ఏ చప్పుడు ఎక్కడినుంచి, ఎప్పుడు వస్తోందో ఉన్నదున్నట్టు రాసి పంపమను.

నరహరి

*

లింబాయత్, సూరత్
బతుకమ్మ పండుగ రోజులు

బావా,

నువ్వు ఊరికే కంగారు పడుతున్నావు. కారు బంగారం. గల్లీలో పిల్లలంతా దీని వెనకే పరుగెత్తుతారు, హారన్ కొట్టే పని కూడా లేదు. బ్రేకు మాత్రం కొంచెం మెత్తగా పడుతోంది, అదీ ఒక సుఖమే. ఇంతకంటే రాయడానికేమీ లేదు.

అంబదాస్

*

లింబాయత్, సూరత్
అదే రోజు

అన్నా,

ఈ ఉత్తరం వేరే కవర్ల పంపుతున్న, ఆయనకు తెల్వదు. నాకు పుస్తకాల లెక్క రాయరాదు, మాట్లాడినట్టే రాస్తున్న.

నేను ఇంట్ల దారం కండెలు చుట్టుకుంటనే గని కార్ఖానాల పనిచెయ్యలే, నా చెవులు సాఫ్ ఉన్నయ్. పొద్దుగాల కారు చాలూ చెయ్యంగనె ముందట టకటకటక అంటది. యాక్సిలేటర్ తొక్కితె ఆ టకటక ఇంక జోరైతది. కొంచెం సేపు కుయ్య్ అని సన్నగ ఏడుస్తది, పిల్లి కాలు తలుపుల ఇరికినట్టు. గుంతల పడితె కింద నుంచి గడక్ అంటది, ఎడమ దిక్కు. ఆయనకు గడక్ ఒక్కటే వినవడుతది, అది కూడ రోడ్డు తప్పంటడు.

గిప్పుడు అసలు ముచ్చట. బ్రేక్ కొడితె చక్రం కాడ కీచుమంటుండె. ఆయన పొడుగు మూతి నూనె డబ్బ తీస్కొని, మగ్గానికి వేసినట్టు, చక్రం సందులకెల్లి బ్రేక్‌కు నూనె పోసిండు. నాలుగు చక్రాలకు! "చూసినవా, కీచుడు బందైంది" అని మీసం తిప్పిండు. కీచుడు బందైంది నిజమే. ఆగుడు కూడ బందైంది.

మా గల్లి మూలకు రవీంద్ర అన్న కార్ఖానా ముందట బట్ట తాన్ల మూటలు టెంపోకు ఎక్కియ్యనీకి పేర్చి ఉండె. ఈయన బ్రేక్ తొక్కుతనే ఉన్నడు, కారు మెల్లగ పోతనే ఉన్నది. "ఆగు, ఆగు" అని కారుతోటి మాట్లాడవట్టె! మెల్లగ పోయి మూటలల్ల దూరింది. మెత్తటి బట్టలు గనక బతికినం. ముందట మనుషులెవ్వరు లేరు, కార్ల నేను ఉన్నగని నాకేం కాలే. రవీంద్ర అన్న వచ్చి, "ఏంది అంబదాస్, సరుకు కొనవస్తివా?" అన్నడు.

గిది మీకు రాయొద్దని నాతోని ఒట్టు పెట్టిచ్చుకున్నడు. పెట్టిన. రాస్తున్న. సముద్రం పోకున్నా మంచిదే అన్నా, గని ఆయన రోజు పొద్దుగాల లేచి దానికి కుంకుమ బొట్టు పెడుతుంటె నాకు పానం తరుక్కపోతుంది. దీని కోసం అమ్మిన ఆ మగ్గం ఆయన మొట్టమొదలు కొన్నది.

మీ చెల్లె
భాగీరథి

*

కోరుట్ల
దసరా మరునాడు

అంబదాస్,

ఈసారి తిట్టను. కోపం వచ్చే హద్దు దాటిపోయింది.

బ్రేకుకు నూనె పోసేవాడు భూమ్మీద ఉంటాడని నాకు ఇన్నేళ్ల అనుభవంలో తెలియదు. మగ్గంలో ప్రతి కీలూ జారాలి, అందుకే నూనె. బ్రేకు పని జారకుండా పట్టుకోవడం. దానికి నూనె పోస్తే అది ఎవరిని పట్టుకుంటుంది? ఎవరు చెప్పారని అడగకు. నీ పక్క సీటులో కూర్చున్న మనిషికి ఏమైనా అయి ఉంటే నువ్వు మళ్లీ ఏ ముఖం పెట్టుకుని మా ఇంటికి వచ్చేవాడివి?

ఇప్పుడు ఇది వేడుకోలు అనుకో, ఆజ్ఞ అనుకో. ఆ కారును ఉన్నచోటు నుంచి అంగుళం కదిలించకు. మెకానిక్‌ను గల్లీకే పిలిపించు. బ్రేకు ప్యాడ్లు నూనె తాగి ఉంటాయి, కడిగితే లాభం లేదు, మార్చాల్సిందే. డిస్కులు శుభ్రంగా కడిగించు. టకటక తగ్గాలంటే ముందు పాత ఆయిల్ తీసి కొత్తది పోసి చూడమను, అప్పటికీ కొట్టుకుంటే ట్యాపెట్లు సర్దమను. కుయ్యిమనేది ఫ్యాన్ బెల్టు. ఎడమ పక్క గడక్ అనేది కింద బుష్ అనే రబ్బరు ముక్క అరిగినందుకు. ఈ కాగితం అతని చేతిలో పెట్టు. ఇంకేవైనా మార్చాలంటే మార్చిన పాత సామాను చూపించమని అడుగు.

చప్పుళ్లు రాసి పంపిన చెల్లెకు నా షెడ్డులో ఎప్పుడైనా ఉద్యోగం ఉంది. నీకు లేదు.

నరహరి

*

లింబాయత్, సూరత్
లాభ్ పాంచమ్ సాయంత్రం

బావా,

భాగీరథి ఒట్టు తీసి గట్టున పెట్టిందని నీ ఉత్తరంలో బ్రేకు నూనె మాట చదవగానే తెలిసిపోయింది. అడిగితే "నీ మీద పెట్టిన ఒట్టు గద, నీకేం కాలేదు, మంచిగనే ఉన్నవ్" అంటుంది.

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. నీ కాగితం వచ్చినా నేను మెకానిక్‌ను పిలవలేదు. కోరుట్లలో కూర్చుని సూరత్ కారుకు జబ్బులు చెప్తున్నాడని విసుక్కున్నాను. కారును మాత్రం కదిలించలేదు. దీపావళి వచ్చింది. పనివాళ్లంతా రైళ్లెక్కి ఊళ్లకు పోయారు, గల్లీలో మగ్గాలన్నీ ఆగిపోయాయి. పండుగ మరునాడు పొద్దున కారుకు బొట్టు పెట్టి, కదిలించకుండా ఊరికే స్టార్ట్ చేశాను. ఎక్కడో మగ్గం ఆడుతున్న చప్పుడు వచ్చింది. కోపమొచ్చి, "ఓ రవీంద్రా! పండుగ పూట మిషిన్ నడుపుడేంది? ఆపు!" అని అరిచాను. రవీంద్ర పళ్లు తోముకుంటూ బయటికొచ్చి, "మాదంత బంద్ ఉన్నది. నీ కారు ఆపు" అన్నాడు.

ఆపాను. చప్పుడు ఆగింది. స్టార్ట్ చేశాను. టకటక, కుయ్య్. మళ్లీ ఆపాను. ఎదురింటివాళ్లు, పైఅంతస్తువాళ్లు అందరూ బాల్కనీల్లోకి వచ్చి చూస్తున్నారు. ఇన్ని నెలలూ మగ్గాల హోరులో నాకు అది పులిలాగా వినిపించింది. అన్నీ ఆగిపోయాక విన్నాను బావా, అది పులి కాదు, ముసలి దగ్గు. ఇంత సిగ్గు నాకు ఎప్పుడూ వేయలేదు.

భాగీరథి వచ్చి ముందు సీటులో కూర్చుంది, కిటికీ దించింది, గల్లీలోకి చూస్తూ కొంగులోని పల్లీలు తింది. "సముద్రం రాకుంటె ఏమాయె, కిటికి వచ్చింది గద" అన్నది. ఆమె తిట్టినా బాగుండేది.

అప్పుడు పరుగు పెట్టాను. పండుగకు గ్యారేజీలన్నీ మూత. అడిగినచోటల్లా లాభ్ పాంచమ్ తర్వాత రమ్మన్నారు. చివరికి పర్వత్ పాటియాలో కమలాకర్ అని మన హుజూరాబాద్ మెకానిక్ ఊరికి పోకుండా ఉన్నాడు, కొత్తగా బిడ్డ పుట్టిందట. నీ కాగితం చేతిలో పెట్టి కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. చదివి, "ఇది రాసినాయన కారు చూసిండా?" అన్నాడు. చూడలేదు, మా ఆవిడ విన్నదన్నాను. సామాను దొరికించుకుని గల్లీకే వచ్చి పని చేశాడు. అన్నీ నువ్వు చెప్పినవే, ఒక్కటి ఎక్కువ లేదు, తక్కువ లేదు. మార్చిన ప్యాడ్లు చూపించమంటే నూనె కారుతున్నవాటిని పైకెత్తి గల్లీ అంతటికీ చూపించాడు. నా పరువు అక్కడితో పూర్తయింది. నిన్న సాయంత్రం పని ముగించి, మగ్గం నూనె డబ్బా నా చేతిలోంచి తీసుకుని భాగీరథికి అప్పగించి పోయాడు.

ఇవాళ తెల్లవారగానే బయలుదేరాం. మాటిచ్చిన గడువుకు ఆఖరి రోజు. కారు ఎంత నెమ్మదిగా ఉందంటే, నడుస్తోందని నాకు నమ్మకం కుదరలేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా చెయ్యి తాళం మీదికి పోతుంది. భాగీరథి నా చేతి మీద ఒక దెబ్బ వేసి, "నడుస్తుంది, పో" అంటుంది. లింబాయత్ నుంచి డుమస్ దాకా ఇదే తంతు. నా చెవులు ఆమె, ఆమె డ్రైవర్ నేను. బ్రేకు తొక్కితే ఆగింది బావా! ఎంత హాయో!

సముద్రం దగ్గర ఆపాను. గాలి మొహాన కొడుతోంది, బజ్జీల బండ్ల మీద నూనె మరుగుతోంది. నేను దిగాను. ఆమె దిగలేదు. కిటికీ దించి చూస్తోంది. రా అన్నాను. ఇక్కడినుంచి కనబడుతోందిలే అన్నది. నీళ్లలో కాళ్లు పెట్టవా అన్నాను. పెట్టనన్నది. మూడు నెలల నుంచి నేను పడ్డ పాట్లన్నీ గుర్తొచ్చి ఒళ్లు మండింది. "ఏమైంది నీకు? సముద్రం కాడికొచ్చి కార్ల కూసుంటవా?" అని అరిచాను. బజ్జీల ఆయన కూడా తిరిగి చూశాడు.

ఆమె తల దించుకుని మెల్లగా అన్నది: "ఆటోల దిగితె సీటు పోతది గద. అలవాటైంది. దిగబుద్ధి అయితలేదు."

ఆమెను చెయ్యి పట్టి దింపాను, తలుపు వేశాను, తాళం వేశాను, తాళంచెవి ఆమె గుప్పిట్లో పెట్టాను. అప్పుడు నడిచింది. నాలుగడుగులకోసారి వెనక్కి చూసుకుంటూ నీళ్ల దాకా పోయింది. చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని మోకాళ్ల దాకా దిగింది, పెద్ద అల వస్తే చిన్నపిల్లలాగా కేక పెట్టింది. ఆ కేక నాకు వినిపించింది బావా, సముద్రం హోరులో కూడా.

బజ్జీలు తిన్నాం. ఎండ ఎక్కింది. తిరిగొచ్చాక తాళం ఆమే తీసింది. తలుపు తెరిచి, లోపలికి తొంగి చూసింది. సీటు ఖాళీగానే ఉంది.

నీ బామ్మర్ది
అంబదాస్